బ్లాక్ లేదంటే ముప్పు లేనట్టేనా? గుండె ధమనుల చిత్రణపై ఖిదిర్‌పూర్ నుంచి ఒక పరిశీలన

కోల్‌కతా: 2021 జనవరి 2వ తేదీ మధ్యాహ్నం ఖిదిర్‌పూర్‌ను ఆనుకుని ఉన్న అలీపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్ ఆసుపత్రికి భారత క్రికెట్ జట్టు మాజీ సారథి సౌరవ్ గంగూలీని తీసుకువచ్చారు. ఇంట్లోని వ్యాయామశాలలో కసరత్తు చేస్తుండగా ఆయనకు ఛాతీలో ఇబ్బంది మొదలైంది. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు. మూడు ప్రధాన ధమనుల్లోనూ జబ్బు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. అదే రోజు కుడి ధమనిలో స్టెంట్ అమర్చారు. జనవరి 7న ఇంటికి చేరిన గంగూలీ అదే నెల 27న మరో ఆసుపత్రిలో చేరగా, మర్నాడు ఇంకో రెండు స్టెంట్లు వేశారు. కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నట్లు ఆసుపత్రి ప్రకటన అప్పుడే పేర్కొంది. గుండెకు మేలు చేస్తుందంటూ ఆయన ప్రచారం చేసిన వంటనూనె ప్రకటనలను ఆ సంస్థ కొద్ది రోజుల్లోనే ఆపివేయాల్సి రావడం కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నాడు ఈ నగరం వేసుకున్న ప్రశ్న ఒక్కటే. మూడు ధమనుల్లో జబ్బు ఒక్క రాత్రిలో పుట్టదు. దాని వెనుక దశాబ్దాల కాలం ఉంటుంది. అలాంటప్పుడు ముందే ఎందుకు కనిపించలేదు? 2022 మే 31న ఇదే నగరంలోని నజ్రుల్ మంచ్‌లో పాడిన కొద్ది గంటలకే గాయకుడు కేకే 53వ ఏట కన్నుమూసినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ లేచింది. తెలుగునాట ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న 50 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించినప్పుడు, 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో కుప్పకూలిన నటుడు నందమూరి తారకరత్న ఆ తరువాత మూడు వారాలకు కన్నుమూసినప్పుడు కూడా ఇంటింటా ఇదే మాట. 2025 వేసవి చివర కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వరుస మరణాల వార్తలు రాగానే మైసూరులోని జయదేవ హృద్రోగ సంస్థ ముందు తనిఖీల కోసం జనం బారులు తీరారు. మరణాలు మునుపటికంటే అసాధారణంగా పెరిగినట్లు ఆధారాలు లేవని ఆ తరువాత నిపుణుల బృందం చెప్పినా ఆ వరుసలు వెంటనే తగ్గలేదు.

ఈ భయానికి ఒక జవాబుగా గుండె ధమనుల సీటీ చిత్రణ ఇప్పుడు ముందుకు వస్తోంది. ధమని గోడలో పేరుకున్న ప్లాక్‌ను శరీరంలోకి గొట్టాలు పంపకుండానే చూడవచ్చు, కొలవవచ్చు. దాని స్వభావాన్ని కృత్రిమ మేధతో విశ్లేషించవచ్చు. ‘గుండెపోటును ముందే పసిగట్టే స్కాన్’ అన్న ప్రకటనలు నగరాల్లో కనిపిస్తున్నాయి. ఆ మాటలో ఎంత నిజముంది, ఎవరికి నిజముంది అన్నది పరిశీలించదగిన విషయం. హుగ్లీ తీరాన రేవులోను, రైల్వేలోను, జనపనార మిల్లుల్లోను పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటివారికి ఇది మరీ అవసరం. వారి సంపాదనలో కొన్ని వేల రూపాయల స్కాన్ చిన్న ఖర్చు కాదు. చేయించుకుని తప్పుగా అర్థం చేసుకుంటే ఆ నష్టం ఇంకా పెద్దది.

‘బ్లాక్’ అనే మాట చేసిన చేటు

తెలుగులో ఇవాళ గుండెజబ్బుకు మారుపేరు ‘బ్లాక్’. ‘ఆయనకు మూడు బ్లాకులట’, ‘మా అన్నయ్యకు ఎనభై శాతం బ్లాకట’ అనడం పరిపాటి. పత్రికలు ‘పూడిక’ అంటాయి. ఈ రెండు మాటలూ ఒకే బొమ్మ గీస్తాయి: గొట్టంలో ఏదో అడ్డుపడింది, అది కొంచెం కొంచెంగా పెరిగి ఒకనాడు పూర్తిగా మూసుకుపోతుంది. ఈ బొమ్మ సగమే సరైనది. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కడం, ఆగితే తగ్గడం అనే ఆంజైనాకు ఇది సరిపోతుంది. ఉన్నట్టుండి వచ్చే గుండెపోటుకు చాలా సందర్భాల్లో సరిపోదు.

ధమని గోడ లోపలి పొర కిందకు చేరిన చెడు కొలెస్టరాల్‌ను తెల్ల రక్తకణాలు మింగుతాయి, మింగి అక్కడే చస్తాయి. ఈ క్రమంలో కొవ్వు, మృతకణాలు కలిసిన మెత్తని ముద్ద ఒకటి తయారవుతుంది. దాని పైన పీచు కణజాలంతో ఒక కప్పు ఏర్పడుతుంది. ఆ కప్పు మందంగా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. లోపలి వాపు వల్ల అది పలచబడి చిరిగితే లోపలి ముద్ద రక్తానికి తగులుతుంది. రక్తం అక్కడే గడ్డకడుతుంది. నిమిషాల్లో ధమని మూసుకుపోతుంది. ఢిల్లీలో వైద్యం చదివి అమెరికాలో పేరు పొందిన పాథాలజిస్టు రేణు వీర్మాని బృందం హఠాన్మరణం పాలైనవారి ధమనులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, చిరిగే అవకాశమున్న కప్పు మందం 65 మైక్రాన్లకు లోపు ఉంటుందని 1990ల్లో నిర్ధారించింది. ఇది దాదాపు ఒక తల వెంట్రుక మందమంత.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఇటువంటి ముద్ద ధమని దారిని పెద్దగా ఇరుకు చేయకపోవచ్చు. తొలి దశల్లో ధమని తన గోడను బయటికి సాగదీసుకుని లోపలి దారిని కాపాడుకుంటుంది. రంగు ద్రవం పంపి ఎక్స్‌రే తీసే సాధారణ యాంజియోగ్రామ్ రక్తం పారే దారినే చూపుతుంది తప్ప గోడను చూపదు. ట్రెడ్‌మిల్ పరీక్ష రక్తప్రవాహం తగ్గితేనే పసిగడుతుంది. కనుక నిన్న ట్రెడ్‌మిల్‌లో నెగ్గినవారికి నేడు గుండెపోటు రావడం వింత కాదు, వైద్యుడి పొరపాటూ కానక్కర లేదు. ఆ పరీక్ష వెతికింది వేరు, ఆ మనిషిని పడగొట్టింది వేరు.

హుగ్లీలో ఓడలు నడిపే పైలట్లకు ఈ సంగతి ఇంకోలా తెలుసు. ఆ నదిలో ఓడలను ముంచినవి ఇరుకు మలుపుల కంటే నీటి అడుగున చోటు మార్చుకునే ఇసుక మేటలే. అందుకే ఖిదిర్‌పూర్ రేవుకు వచ్చే దారిని పదే పదే లోతు కొలుస్తూ ఉంటారు. ధమనిలోనూ దారి వెడల్పు ఒక్కటే కొలిస్తే చాలదు.

అనువాద వృత్తిలో ఉన్న ఈ వ్యాసకర్తకు మరో చిక్కు తరచూ ఎదురవుతుంది. నిఘంటువులు ప్లాక్‌ను ‘ఫలకం’ అంటాయి. తెలుగు చెవికి ఫలకం అనగానే శిలాఫలకం గుర్తుకొస్తుంది, అంటే గట్టిది, కదలనిది. ప్రమాదకరమైన ప్లాక్ సరిగ్గా దీనికి వ్యతిరేకం, మెత్తనిది. గట్టిపడినది చాలావరకు నెమ్మదించినది. ఈ తేడా పట్టుకుంటే తరువాత చెప్పబోయే రెండు పరీక్షల మధ్య తేడా సులువుగా అర్థమవుతుంది.

సున్నా చెప్పేది, సున్నా దాచేది

మొదటిది కాల్షియం స్కోరు. 1990లో అమెరికా వైద్యులు ఆర్థర్ అగాట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్ తదితరులు రూపొందించిన లెక్క ఇది. సూది లేదు, రంగు ద్రవం లేదు. కొన్ని సెకన్లు ఊపిరి బిగపట్టి సీటీ యంత్రంలో పడుకుంటే చాలు. రేడియేషన్ కూడా సుమారు ఒక మిల్లీసీవర్ట్ మాత్రమే. ధమని గోడల్లో సున్నం తేలిన భాగాలను యంత్రం లెక్కగట్టి ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే రాబోయే కొన్నేళ్లలో ముప్పు చాలా తక్కువ. వంద దాటితే స్టాటిన్ మందు గురించి గట్టిగా ఆలోచించాలి. నాలుగు వందలు దాటితే జబ్బు విస్తారంగా ఉన్నట్లు.

మధ్యవయసు దాటి, లక్షణాలేవీ లేక, మందు మొదలుపెట్టాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్నవారికి ఈ అంకె నిజంగా ఉపయోగపడుతుంది. అయితే అది లెక్కించేది గట్టిపడిన ప్లాక్‌నే. మెత్తనిది దానికి కనిపించదు. యువకుల ధమనుల్లో జబ్బు ఇంకా గట్టిపడే దశకు చేరి ఉండదు. ఛాతీ లక్షణాలతో వచ్చిన సుమారు 24 వేల మందిని పరిశీలించిన డెన్మార్క్ అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. అందులో 40 ఏళ్ల లోపు వారిలో ధమని గణనీయంగా ఇరుకైనట్లు తేలినవారిని విడిగా చూస్తే, 58 శాతం మందికి కాల్షియం స్కోరు సున్నాయే. డెబ్బై దాటినవారిలో అటువంటివారు 5 శాతమే.

దక్షిణాసియా వారికి ఈ విషయం అందరికంటే ఎక్కువ ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వివరాల ప్రకారం తొలి గుండెపోటు వచ్చే వయసు దక్షిణాసియాలో సగటున 53 కాగా, ఇతర ప్రాంతాల్లో దాదాపు 59. ఆరేళ్లు ముందు. ఇక కాల్షియం స్కోరును వయసుతో పోల్చి చెప్పే ప్రామాణిక పట్టికలు ఎక్కువగా అమెరికాలో 2000లో మొదలైన ‘మెసా’ అధ్యయనం నుంచి వచ్చాయి. 6,814 మందితో సాగిన ఆ అధ్యయనంలో శ్వేతజాతీయులు, నల్లజాతీయులు, హిస్పానిక్‌లు, చైనా మూలాల వారు ఉన్నారు. దక్షిణాసియా వారు లేరు. ఆ లోటు తీర్చడానికే శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలోనూ షికాగోలోనూ స్థిరపడిన 906 మంది దక్షిణాసియా వారితో 2010లో ‘మసాలా’ అధ్యయనం మొదలైంది. పేరు చమత్కారంగా ఉన్నా ఫలితం నవ్వే విషయం కాదు. దక్షిణాసియా పురుషుల ధమనుల్లో కాల్షియం శ్వేతజాతి పురుషులతో సమానంగా, మెసాలోని మిగిలిన మూడు వర్గాల పురుషుల కంటే ఎక్కువగా ఉంది. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న బే ప్రాంతపు ఈ ఫలితాలు శ్రీకాకుళానికో ఖిదిర్‌పూర్‌కో యథాతథంగా వర్తిస్తాయనలేము. ఇక్కడి తిండి వేరు, శ్రమ వేరు, ఖైనీ, బీడీ, చలికాలపు కోల్‌కతా గాలి వేరు. అయినా దగ్గరలో ఉన్న కొలబద్ద అదే.

ఇంకో వింత కూడా ఉంది. స్టాటిన్ వాడేవారిలో మెత్తని ప్లాక్ తగ్గి గట్టిపడే భాగం పెరుగుతుంది. అంటే మందు పనిచేస్తున్నా కాల్షియం స్కోరు పెరగవచ్చు. ఏటా ఈ పరీక్ష చేయించుకుని, అంకె పెరిగిందని దిగులుపడి, మందు పనిచేయడం లేదని మానేసేవారికి ఇది చెప్పేవారు కావాలి.

స్కాట్లాండ్‌లో తేలినది

రెండోది సీటీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి అయోడిన్ కలిసిన ద్రవం ఎక్కించి, గుండె రెండు స్పందనల మధ్య కదలిక తగ్గే క్షణంలో చిత్రాలు తీస్తారు. అందుకే ముందు మందిచ్చి నాడిని నిమిషానికి అరవై అరవై అయిదుకు తగ్గిస్తారు. ధమనులు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతారు. ద్రవం ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడినట్లు అనిపించడం మామూలే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, అయోడిన్ పడనివారు ముందుగానే చెప్పాలి. ఈ చిత్రంలో రక్తం దారితోపాటు గోడ కూడా కనిపిస్తుంది. ప్రతి బిందువుకూ ఒక సాంద్రత అంకె ఉంటుంది. నీటికి సున్నా, సున్నం తేలిన ప్లాక్‌కు 130 పైన, కొవ్వు నిండిన మెత్తని ప్లాక్‌కు 30 లోపు.

దీని విలువను తేల్చిన పరిశోధన స్కాట్‌హార్ట్. స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పితో వైద్యుల వద్దకు వచ్చిన 4,146 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు పరీక్షలు, రెండో జట్టుకు వాటితోపాటు సీటీ యాంజియోగ్రామ్. అయిదేళ్ల తరువాత గుండెజబ్బుతో మరణించినవారు, గుండెపోటు వచ్చినవారు కలిపి మొదటి జట్టులో 3.9 శాతం, సీటీ జట్టులో 2.3 శాతం. 2025 జనవరిలో లాన్సెట్ పత్రికలో వెలువడిన పదేళ్ల ఫలితాల్లో ఇవి 8.2, 6.6 శాతాలు. అంటే సుమారు అరవై మందికి స్కాన్ చేస్తే ఒకరికి గుండెపోటో మరణమో తప్పింది.

ఈ మేలు ఎలా కలిగింది? సీటీ జట్టులో స్టెంట్లు, బైపాస్‌లు ఎక్కువ జరగడం వల్ల కాదు. దీర్ఘకాలంలో వాటి సంఖ్య రెండు జట్లలోనూ దాదాపు ఒకటే. సీటీలో ప్లాక్ కనిపించినవారికి స్టాటిన్, ఆస్పిరిన్ వంటి నివారణ మందులు మొదలుపెట్టారు. రోగులు వాటిని కొనసాగించారు. కళ్లతో చూసిన జబ్బుకు మందు మింగడం, అంకెల్లో విన్న జబ్బుకు మింగడం కంటే సులువేమో. ఈ పరిశోధన గురించి రాసిన కథనాల్లో యంత్రానికి దక్కిన ప్రశంస, ఆ చవక మాత్రలకు దక్కలేదు.

అదే పరిశోధనలోని చిత్రాలను 2020లో మళ్లీ విశ్లేషించినప్పుడు మెత్తని ప్లాక్ వాటా 4 శాతం దాటినవారికి గుండెపోటు వచ్చే అవకాశం మిగతావారికంటే దాదాపు అయిదు రెట్లని తేలింది. ముప్పు చెప్పడంలో కాల్షియం స్కోరు కంటే, ధమని ఇరుకుదనం కంటే ఇదే మెరుగ్గా నిలిచింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మరో దారి పట్టారు. ధమని చుట్టూ ఉన్న కొవ్వు పొర, లోపలి వాపుకు తగ్గట్టు స్వభావం మార్చుకుంటుందని గుర్తించి, ఆ మార్పును సీటీ చిత్రంలో కొలిచే పద్ధతి రూపొందించారు. వారి ఆధ్వర్యంలో బ్రిటన్‌లో సీటీ చేయించుకున్న 40,091 మందిని పరిశీలించిన ఆర్ఫాన్ అధ్యయనం 2024లో వెలువడింది. వారిలో అయిదింట నాలుగు వంతుల మందికి చెప్పుకోదగ్గ అడ్డంకి లేదు. తరువాతి కాలంలో సంభవించిన గుండె మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ‘అడ్డంకి లేని’వారిలోనివే. ఒక్కొక్కరి ముప్పు తక్కువే కావచ్చు, కానీ వారి సంఖ్య చాలా పెద్దది.

తేదీ చెప్పలేని చిత్రం

ఇన్ని చెప్పాక కూడా ‘గుండెపోటును ముందే పసిగట్టే స్కాన్’ అన్న ప్రకటనను యథాతథంగా ఒప్పుకోలేము. దానికి కారణం ప్రాస్పెక్ట్ అనే పరిశోధన. గుండెపోటు తదితరాలతో చేరి చికిత్స పొందిన 697 మంది ధమనులన్నింటినీ లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో చిత్రించి, మూడేళ్లపాటు గమనించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. కొత్త సమస్యల్లో సుమారు సగం, మొదట్లో చికిత్స అవసరం లేదనుకున్న చోట్ల వచ్చినవే. ఆ చోట్ల తొలి యాంజియోగ్రామ్‌లో కనిపించిన ఇరుకు సగటున 32 శాతం. పలచని కప్పు, భారీ ప్లాక్, ఇరుకు దారి అనే మూడు లక్షణాలూ ఉన్న అత్యంత ప్రమాదకరమైన మచ్చలను తీసుకున్నా మూడేళ్లలో సమస్య తెచ్చినవి 18.2 శాతమే. మిగిలిన ఎనభైకి పైగా శాతం ఏమీ కాలేదు. ప్లాక్‌లు చిరిగి, గుట్టుగా మానిపోవడం కూడా తరచూ జరుగుతుంది.

కనుక చిత్రం చెప్పగలిగినది ఏ మనిషికి ముప్పు ఎక్కువ అన్నది. ఏ మచ్చ, ఏ రోజు అన్నది కాదు. ఇది చిన్న తేడాలా కనిపించినా చికిత్సను శాసించే తేడా. మచ్చ తెలిస్తే స్టెంట్ వేయాలనిపిస్తుంది. మనిషి తెలిస్తే ధమనులన్నింటికీ పనిచేసే మందు ఇవ్వాలనిపిస్తుంది. భారత్ సహా 37 దేశాల్లో 5,179 మందితో జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా పరిశోధన, నిలకడగా ఉన్న రోగుల్లో ముందుగానే స్టెంటో బైపాసో చేయడం వల్ల మరణాలు తగ్గలేదని చూపింది. ఆంజైనా బాధ తగ్గడం నిజమే, అది వేరు ప్రయోజనం.

నిష్పాక్షికత కోసం ఎదురుపక్షం కూడా చెప్పాలి. దక్షిణ కొరియా నేతృత్వంలో నాలుగు దేశాల్లో 1,606 మందితో జరిగిన ప్రివెంట్ పరిశోధన 2024లో వెలువడింది. రక్తప్రవాహానికి అడ్డురాని, అయినా బలహీనంగా కనిపించిన ప్లాక్‌లకు స్టెంట్ వేస్తే రెండేళ్లలో సమస్యలు 3.4 శాతం నుంచి 0.4 శాతానికి తగ్గాయి. ఆసక్తికరమైన ఫలితమే. అయితే ఆ ప్లాక్‌లను గుర్తించింది సీటీతో కాదు, ధమని లోపలికి పంపిన పరికరాలతో. మందులు మాత్రమే వాడిన జట్టులో కూడా ముప్పు చాలా తక్కువే. ఈ ఒక్క ఫలితం చూపించి లక్షణాల్లేని వ్యక్తికి స్టెంట్ సలహా ఇస్తే రోగి మరో వైద్యుణ్ని అడగడం మంచిది.

హఠాన్మరణాలన్నీ ప్లాక్ వల్లనే కావన్నదీ మరువరాదు. గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉండడం, విద్యుత్ స్పందనల లోపాలు వంటివి యువకుల్లో మరణకారణాలు కాగలవు. వాటిని ఈ స్కాన్ పట్టుకోదు. ఈసీజీ, ఎకో, కుటుంబ చరిత్ర పట్టుకుంటాయి. లక్షణాలేవీ లేని పాతికేళ్ల యువకుడు వార్తలు చూసి భయపడి సీటీ యాంజియోగ్రామ్‌కు పరుగెత్తడం రేడియేషన్‌కు, ఖర్చుకు తప్ప దేనికీ ఉపయోగం కాదు.

ఎవరికి అందుతోంది

ఖిదిర్‌పూర్ కూడలి చుట్టూ చూస్తే వైద్యానికి లోటు కనిపించదు. ఒకవైపు అలీపూర్‌లో పేరున్న ప్రైవేటు హృద్రోగ ఆసుపత్రులు, మరోవైపు ఎస్ఎస్‌కేఎం ప్రభుత్వ ఆసుపత్రి, మాఝేర్‌హాట్ వైపు రేవు ఉద్యోగుల శతవార్షిక ఆసుపత్రి, గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే కేంద్రీయ ఆసుపత్రి. గుండెపోటు వచ్చాక వెళ్లడానికి చోట్లున్నాయి. రాకముందు వెళ్లడానికి కారణం, స్తోమత రెండూ ఉండవు. రేవులో బరువులెత్తే మనిషి తన శ్రమే తనకు వ్యాయామమని నమ్ముతాడు. ఛాతీలో మంటను గ్యాస్ అనుకుంటాడు. కూలి పోగొట్టుకుని పరీక్షకు వెళ్లడు.

ప్రభుత్వ పథకాల రూపకల్పన కూడా ఈ ధోరణికే తోడ్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పశ్చిమ బెంగాల్‌లో 2016లో వచ్చిన స్వాస్థ్య సాథి ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సకు ఉద్దేశించినవి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి విధించి, మందు పూసిన స్టెంట్‌ను 29,600 రూపాయలకు తెచ్చింది. ఇవన్నీ లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడాయి, సందేహం లేదు. కానీ వాటి ఫలితంగా జబ్బు ముదిరాక స్టెంట్ ఉచితం, ముదరకముందు స్కాన్, నెలనెలా మాత్రలు సొంత జేబు నుంచి అన్న పరిస్థితి స్థిరపడింది. డబ్బు ఎటు ఉంటే వైద్యం అటే నడుస్తుంది.

గ్రామాల్లో ఈ జబ్బు లేదనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. రెండు దశాబ్దాల కిందట ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో మరణకారణాలను నమోదు చేసినప్పుడు 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. ఇక మందుల సంగతి. 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనం అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిని పరిశీలించింది. భారత్‌ను కలుపుకుని అల్పాదాయ దేశాలుగా లెక్కించిన చోట్ల అటువంటివారిలో 80 శాతం మంది ఏ నివారణ మందూ వాడడం లేదు. స్టాటిన్ వాడుతున్నవారు 3.3 శాతం. సంపన్న దేశాల్లో ఆ సంఖ్య 66.5 శాతం. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడి ఉండవచ్చు. అయినా ఇంత దూరం నుంచి బయలుదేరినవారికి మొదట కావలసినది కృత్రిమ మేధ విశ్లేషణ కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ కొలవడం, పొగాకు మాన్పించడం, మాత్రలు ఆగకుండా అందేలా చూడడం ముందు. భారత కార్డియాలజీ సంఘం 2024 జులైలో తొలిసారి విడుదల చేసిన కొలెస్టరాల్ మార్గదర్శకాలు, అధిక ముప్పు ఉన్నవారికి చెడు కొలెస్టరాల్ 70 లోపు, అత్యధిక ముప్పు ఉన్నవారికి 55 లోపు ఉండాలన్నాయి. వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రొటీన్-ఎ ను జీవితంలో ఒక్కసారైనా కొలవాలన్నాయి. ఇవన్నీ రక్తపరీక్షతో తేలేవే.

స్కాన్‌కు చోటు లేదని దీని అర్థం కాదు. కొత్తగా ఛాతీ నొప్పితో వచ్చినవారికి మొదటి పరీక్షగా సీటీ యాంజియోగ్రామ్‌నే చేయాలని బ్రిటన్ జాతీయ మార్గదర్శక సంస్థ 2016లోనే చెప్పింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అటువంటి రోగిని ట్రెడ్‌మిల్ ఎక్కించి పంపేయడం ఇంకా అలవాటుగానే ఉంది. పథకాల డబ్బు ఎక్కడైనా కొత్తగా ఖర్చు పెట్టాలంటే అది ఇక్కడే: నొప్పి ఉన్న నలభై, యాభై ఏళ్ల కార్మికుడికి స్కాన్, తరువాత మాత్రలు. భయం తప్ప మరేమీ లేని సంపన్నుడి వార్షిక ప్యాకేజీకి కాదు.

నివేదికలోని ఒక పంక్తి

స్కాన్ చేశాక రోగి చేతికి వచ్చేది ఆంగ్లంలో ముద్రించిన రెండు పుటలు. అడ్డంకి లేని స్వల్ప ధమని జబ్బు ఉన్నదని అందులో రాసి ఉంటుంది. ఆ పదబంధంలో ముఖ్యమైన మాట ‘జబ్బు’. ‘అడ్డంకి లేని’ అన్నది దానికి విశేషణం మాత్రమే. రద్దీలో ఉన్న వైద్యుడి నోట బెంగాలీలోకో హిందీలోకో మారి, ఇంటికి చేరేసరికి తెలుగులోకి దిగినప్పుడు విశేషణం మిగులుతుంది, విశేష్యం రాలిపోతుంది: ‘బ్లాక్ ఏమీ లేదట’. దానితో మాత్రలు మానేస్తారు, బీడీ మళ్లీ వెలుగుతుంది. ఆర్ఫాన్ అధ్యయనం మూడింట రెండు వంతుల మరణాలు లెక్కించింది సరిగ్గా ఈ జాబితాలోని వారిలోనే.

2022లో సవరించిన అంతర్జాతీయ నివేదిక పద్ధతి క్యాడ్-ర్యాడ్స్ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ఇరుకు శాతంతోపాటు మొత్తం ప్లాక్ ఎంత ఉందో నాలుగు తరగతుల్లో చెప్పాలని, ప్రమాదకర లక్షణాలుంటే విడిగా గుర్తు వేయాలని అది సూచించింది. దీనికి కొత్త యంత్రం అక్కర లేదు, నివేదిక రాసేవారు మరో రెండు పంక్తులు చేరిస్తే చాలు. సీటీ యాంజియోగ్రామ్ చేయించుకున్నవారు తమ నివేదికలో ప్లాక్ పరిమాణం రాశారా అని అడగవచ్చు, అడగాలి కూడా.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ నుంచి గార్డెన్ రీచ్ వరకు ఉన్న తెలుగువారికి అది గౌరవమే. ఆ హోదా దరఖాస్తు ఫారాలు దాటి ఆసుపత్రి కిటికీ దాకా వస్తే, నివేదిక చివర తెలుగులో రాయవలసిన వాక్యం పెద్దదేమీ కాదు: మీ ధమనుల్లో జబ్బు ఉంది, ఇప్పటికి దారి మూసుకోలేదు, రాసిచ్చిన మాత్ర రోజూ వేసుకోవాలి, ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి.